పదిహేను రోజుల వడ్డీ

ఆ మంగళవారం పొద్దున నా చేతిలో ఉన్నవి చెబుతాను. ప్రొద్దుటూరులో ఒక చీరల అంగడి. పన్నుల లెక్కకు మేలని అది మొదటినుంచీ నా భార్య భాగ్యలక్ష్మి పేరు మీదే ఉంది. అందులో ఇరవై రెండు లక్షల సరుకు. అంగడి పైన కాపురానికి నాలుగు గదులు. బయటనుంచి రావలసింది మూడు లక్షలు, నేను ఇవ్వవలసింది ఏమీ లేదు. ముప్పై ఏళ్లుగా బజారులో చెడని మాట. ఒక బామ్మర్ది.

ఆ బామ్మర్ది సస్పెండై నాలుగు రోజులైంది.

సాయిప్రసాద్ జమ్మలమడుగు పక్కన ఒక పంచాయతీకి కార్యదర్శి. ఇప్పుడు మా హాల్లో సోఫా అంచున కూర్చుని, ఒళ్లో ఉన్న మెమోను మడతపెట్టి విప్పుతున్నాడు.

“దోసె తినురా సాయీ, చల్లారిపోతాది,” అంది భాగ్యలక్ష్మి.

నా ప్లేటు కూడా తెచ్చి బల్ల మీద పెట్టింది. నాతో ఏమీ అనలేదు. శుక్రవారం సాయంత్రం నుంచి ఆమె నాతో మాట్లాడటం లేదు. ఎందుకని నేనూ అడగలేదు. అడిగితే చెబుతుంది.

మెమోకు రెండు నకళ్లు జతచేశారు. ఒకటి ఏప్రిల్ రెండో తేదీ రసీదు. గొర్రెల సంతలో గేటు వసూలు హక్కు వేలంపాట కింద యల్లయ్య అనే ఆయన దగ్గర నాలుగు లక్షల ఇరవై వేలు నగదు ముట్టినట్టు సాయి సంతకం. రెండోది ఏప్రిల్ పదిహేడున ఆ సొమ్ము పంచాయతీ ఖాతాకు కట్టిన బ్యాంకు చలానా. దాని మీద ఉన్న మొత్తం నాలుగు లక్షల ఇరవై నాలుగు వేల రెండు వందలు.

ఆడిట్ వాళ్లు అడిగినవి రెండే. పదిహేను రోజులు ఈ సొమ్ము ఎక్కడుంది? పైన వచ్చిన నాలుగు వేల రెండు వందలు ఎవరివి? శుక్రవారంలోగా సంజాయిషీ ఇవ్వాలి.

“బీరువాలో పెట్టినా అని రాస్తా,” అన్నాడు సాయి. “బ్యాంకులో సర్వర్ పనిచేయలా, తర్వాత సెలవలు, ఆ తర్వాత కడపలో ట్రైనింగు. మర్చిపోయినా అంటా.”

“పైన నాలుగు వేలు?” అన్నాను.

“లెక్క తప్పింది అంటా.”

“తగ్గితే లెక్క తప్పింది అనొచ్చు. ఎక్కువ కట్టినోన్ని ఎవరు నమ్ముతారు రా?”

“అయితే నువ్వే చెప్పు బావా, ఏం రాయాల్నో.”

భాగ్యలక్ష్మి చెయ్యి తుడుచుకుని వచ్చి చలానా నకలు తీసుకుంది. ‘వివరం’ అని ఉన్న గడి మీద వేలు పెట్టింది.

“ఇది నీ రాత కాదు గదా సాయీ.”

సాయి దోసె తుంచాడు. నోట్లో పెట్టుకోలేదు.

“ఇరవై ఆరేండ్లుగా ఈ రాతతో వచ్చిన చీటీలు చూసి సరుకు ఇస్తాండా నేను. నాలుగు అంకెకు ఇట్ల తోక ఎవరు లాగుతారో నాకు తెలీదా?” అని నకలు నా ప్లేటు పక్కన పెట్టింది. “అడిగి చెప్పు మీ బావను. ఆయన అడిగినాడా, నువ్వే ఇచ్చినావా?”

సాయి నావైపు చూశాడు. నేను దోసె వైపు చూశాను.

“అడిగినా,” అన్నాను.

ఆమె వంటింట్లోకి పోయింది. గ్యాసు ఆపిన చప్పుడు వినిపించింది.

జరిగింది ఇంతే. ఏప్రిల్ రెండున సాయి ఆఫీసు పనిమీద ప్రొద్దుటూరు వచ్చి మా ఇంట్లో భోంచేశాడు. చేతిసంచిలో సంత పాట సొమ్ము ఉంది. మరునాడు బ్యాంకులో కట్టాలన్నాడు. అదే రోజు ధర్మవరం నుంచి నా చీరల బేళ్లు లారీ ఆఫీసులో దిగి ఉన్నాయి. డబ్బు కడితే గానీ విడవరు. ముందు పెళ్లి ముహూర్తాలు. పదిహేను రోజులు చేబదులు ఇవ్వమన్నాను. మా నాయన చెప్పేవాడు, రూపాయి పడుకుంటే వ్యాపారి పడుకున్నట్టే అని. ఆ సంచిలో రూపాయలు పడుకుని ఉన్నట్టే నాకు కనిపించాయి.

పదిహేడో తేదీకి సాయి కడపలో ట్రైనింగులో ఉన్నాడు. నేనే జమ్మలమడుగు పోయి కట్టాను. మా బజారులో చేబదులు వడ్డీ లేకుండా తిరిగి ఇవ్వడమంటే ఇచ్చినవాడిని అవమానించడమే. అడగకపోయినా కట్టి ఇవ్వాలి. అది మర్యాద. నెలకు నూటికి రెండు రూపాయల లెక్కన పదిహేను రోజులకు నాలుగు వేల రెండు వందలు వేసి, చలానా మీద నా చేత్తోనే రాశాను: ‘సంత పాట అసలు 4,20,000. పదిహేను రోజుల వడ్డీ 4,200.’ ఊరి సొమ్ము ఊరికే వాడుకున్నాడనే మాట పడకూడదని.

ట్రైనింగు నుంచి వచ్చి ఆ చలానా చూసి సాయి ఒకటే అన్నాడు. “ఇది ఎందుకు రాసినావు బావా?”

మర్యాద కోసం రాశానని చెప్పాను.

*

మసరత్ ఆఫీసు కోర్టు వీధిలో మేడమీద ఉంది. ఆమె తల్లి ఖమర్‌బీ మా అంగడి చీరలకు ఫాల్ కుట్టేది. కూతురు లాయరై తొమ్మిదేళ్లయింది. నన్ను ఇప్పటికీ మామా అనే పిలుస్తుంది. ఫీజు మాత్రం లాయరుగానే తీసుకుంటుంది.

మెమో చదివి, రసీదు చదివి, చలానా దగ్గర ఆగిపోయింది.

“ఇది ఎవరు రాసినారు?”

“నేనే.”

“ఎవరైనా చెప్పినారా, మీ అంతట మీరేనా?”

“మా అంతట మేమే కడతాం అమ్మా. అడిగించుకొని కట్టేది పద్ధతి కాదు.”

ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

“మామా, నలభై కేసులు చూసినా ఇట్లాంటివి. సొమ్ము తిన్నోళ్లు, తినలేదని ఏడ్చినోళ్లు. తిన్న దానికి వడ్డీ లెక్కగట్టి రసీదు తీసుకున్నోన్ని మిమ్మల్నే చూస్తాండా.”

“తినలేదు గదా. అసలు వచ్చె, వడ్డీ వచ్చె. పంచాయతీకి ఏం నష్టం? లాభమే గదా. ప్రజాధనం స్వాహా అని పేపర్లో రాసినారు. ఎవరు స్వాహా చేసినారు?”

“స్వాహా అనే మాట పేపరోళ్లది. చట్టంలో లేదు. నేనొకటి అడుగుతా, జవాబు చెప్పండి. మీ అంగట్లో గుమాస్తా ఒక పట్టుచీర తీసుకొనిపోయి, వాళ్ల చెల్లెలి పెండ్లిలో పెండ్లాముకు కట్టించి, మళ్లా ఇస్త్రీ చేసి మడతపెట్టి అదే అరలో పెట్టినాడు. అద్దె కింద గల్లాలో అయిదొందలు వేసినాడు. ఏం చేస్తారు?”

“తీసేస్తా.”

“ఎందుకు? చీర వచ్చె. అద్దె వచ్చె.”

“అడగలా గదా.”

“అడిగింటే మీరు ఇచ్చేవాళ్లో లేదో మీ ఇష్టం. చీర మీది. ఆ నాలుగు లక్షల ఇరవై వేలు ఎవరివి? సాయి చేతిలో పడిన నిమిషం నుంచి అవి పంచాయతీవి. ఇచ్చే హక్కు సాయికి లేదు, పుచ్చుకునే హక్కు మీకు లేదు. మీరు అడగాల్సింది ఊరిని. ఊరు మీ ఇంట్లో దోసె తినేకి రాలేదు.”

ఆ రోజు వాడు తిన్నది అన్నమని చెప్పబోయి ఊరుకున్నాను.

సాయి మెల్లగా అడిగాడు. “కేసు పెడితే ఏ సెక్షన్ మేడమ్?”

“న్యాయ సంహితలో మూడు వందల పదహారు, అయిదో క్లాజు. పాత చట్టంలో నాలుగు వందల తొమ్మిది. ప్రభుత్వోద్యోగి తనకు అప్పగించిన సొమ్ములో నమ్మకద్రోహం చేస్తే పదేండ్ల దాకా. యావజ్జీవం మాట కూడా రాసుంది. అంత వేస్తారని చెప్పడం లేదు. ఉందని చెప్తాండా.”

“పదిహేను దినాలకా?” అన్నాను.

“పదిహేను గంటలైనా అంతే. కొంతకాలానికే వాడుకున్నా వాడుకున్నట్టేనని చట్టంలో వివరణ రాసిపెట్టినారు. మీలాంటోళ్లు వస్తారని ముందే తెలుసేమో. వాళ్లు చూసేది నష్టం కాదు మామా. సొమ్ము అప్పగించినారా? అప్పగించినారు. ఏ పనికిచ్చినారో ఆ పనికి కాకుండా వేరే పనికి పోయిందా? పోయింది. పొరపాటున పోయిందా, తెలిసి పోయిందా? వాళ్లు కష్టపడి తేల్చాల్సింది ఆ ఒక్కటే. అది మీరే తేల్చి చలానా మీద రాసిచ్చినారు.”

“వడ్డీ కట్టకుండా ఉండింటే?”

“నాలుగు లక్షల ఇరవై వేలు మాత్రమే కట్టింటే, ఆలస్యం. నిర్లక్ష్యం. ఒక ఇంక్రిమెంటు కోసేవాళ్లేమో. మర్చిపోయినోడు వడ్డీ కట్టడు. వాడుకున్నోడే కడతాడు.”

కింద వీధిలో చెరుకురసం బండి గంట మోగింది. సాయి తల వంచుకుని ఉన్నాడు.

“అట్లా పోయిన సొమ్మును చట్టం దొంగసొమ్ము కిందే చూస్తుంది,” అంది మసరత్. “తిరిగి చేరినాక కాదు. ఆ పదిహేను దినాలు.”

ఆ పదిహేను దినాల్లో అమ్మిన చీరలు నాకు గుర్తొచ్చాయి. రెండు పెళ్లికూతుళ్లవి. ఒకటి చిలకపచ్చ.

“బీరువా కత నేను రాయను,” అని మెమో తిరిగి ఇచ్చింది. “మీ రాత వాళ్ల దగ్గరుంది. బీరువాలో ఉన్న సొమ్ముకు మీరు వడ్డీ ఎందుకు కట్టినారని అడుగుతారు. ఏం చెప్పాల్నో మీరు ఇంటికి పోయి ఆలోచించుకోండి.”

మెట్లు దిగుతుంటే సాయి అన్నాడు. “రసీదు మారిస్తే?”

“ఏంది?”

“యల్లయ్యకిచ్చిన రసీదు. పదిహేడో తారీఖుతో ఇంకోటి రాసిచ్చి పాతది వెనక్కి తీసుకుంటే, వచ్చిన రోజే కట్టినట్టే గదా. ఆడిట్ వాళ్లు నకలు చూసినారు గానీ ఒరిజినల్ ఆయన దగ్గరే ఉంది.”

“వడ్డీ?”

“తప్పు రాసినా అని నువ్వు చెప్పు.”

అది కుదిరే బేరం కాదని నాకు తెలుసు. అయినా కొన్ని బేరాలు కుదరవని అవతలివాడి నోటితో వింటే గానీ మనసు ఊరుకోదు.

*

యల్లయ్య ఊరు పులివెందులకు ఈవల ఆరు మైళ్లు. మేం బుధవారం పొద్దున పోయేసరికి దొడ్డి గేటు దగ్గర నిలబడి గొర్రెలను బయటికి వదులుతున్నాడు. రెండేసి చొప్పున లెక్కపెడుతున్నాడు. లెక్కలో ఉన్న మనిషిని పలకరించకూడదు. ఆగాను.

చివరిది దాటాక తల తిప్పాడు.

“ఏం శెట్టీ, ఇంత దూరం వచ్చినావు. చీరలు అమ్మేకా?”

“నీతో ఒక మాట ఉంది యల్లయ్య మామా.”

“మామా అంటాండావు. పని పెద్దదే.” సాయిని చూశాడు. “సారు గూడా వచ్చినాడే. సస్పెండ్ అంట గదా సార్? కూచోండి, మంచం దులుపుతా.”

కూర్చున్నాం. చెప్పాల్సింది చెప్పాను. రసీదు మారుస్తాం, తారీఖు ఒక్కటే తేడా, మొత్తం అదే. “నీకు పోయేదేమీ లేదు,” అన్నాను.

యల్లయ్య ఇంటివైపు కేకేశాడు. “ఓ మహాలక్ష్మమ్మా, ఇట్ల రా. శెట్టి చెప్తాండాడు, మనకు పోయేదేమీ లేదంట.”

ఆయన భార్య మజ్జిగ చెంబుతో వచ్చింది. మా ఇద్దరికీ పోసింది. అప్పుడు మాట్లాడింది.

“ఆ నాలుగు లచ్చలు యాడివి అనుకున్నావు శెట్టీ? సూడిగొర్రెలు నలభై అమ్మితిమి. కడుపుతో ఉండేటివి. రెండో తారీఖు దాటితే పాట పోతాదని ఈ సారే ఫోను చేసి చెప్పె. నెల ఆగింటే అన్నీ ఈనుండేవి.”

సాయి మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు.

“దుడ్లు కట్టినాక?” అన్నాను.

“కట్టినాక బ్యాంకు కాయితం రావాలంట,” అన్నాడు యల్లయ్య. “అది వచ్చేదాకా సంతలో గేటు వసూలు చేసుకొనేకి లేదంట. రేపు మాపు అని తిప్పిరి. పద్దెనిమిదో తారీఖు చేతికిచ్చిరి. నడుమ రెండు సంతలు పాత పాటగాడే వసూలు చేసుకొని పాయె. సంతకు తక్కువలో తక్కువ పందొమ్మిది వేలు.”

“ముప్పై ఎనిమిది వేలు,” అన్నాను.

“లెక్కలో నువ్వు గట్టోనివే.”

“అవి నేనిస్తా.”

“ఇస్తావు. నువ్వు ఇచ్చేవాడివే. పంచాయితీ అడక్కపోయినా వడ్డీ కట్టినావంట గదా, సంతలో శానా చెప్పుకున్నారు. మంచోడే శెట్టి అన్నారు.” తలగుడ్డ విప్పి దులిపాడు. “ఎవరి దుడ్లు యాడ నిలబడి పాయెనో తెలీక, వానికి గాక ఇంకొకనికి కట్టినావు. అంతే.”

ముప్పై ఏళ్లలో ఎవరి సొమ్ము ఎన్ని రోజులు నా దగ్గర ఉందో తప్పిపోలేదు. ఆ సొమ్ము నా దగ్గర ఉన్నందువల్ల ఇంకొకడి గేటు మూసి ఉందని లెక్కలోకి రాలేదు.

“రసీదు సంగతి?” అన్నాడు సాయి.

“ఇవ్వను సార్. నీమీద కోపం కాదు. రెండు సంతలు నాకు పొడిగించాలని అర్జీ పెట్టినా. రెండో తారీఖు రసీదు ఉంటేనే ఆ అర్జీ నిలబడతాది. పదిహేడు అని రాయించుకుంటే నాకు పోయిన సంతలు కాయితం మీద పోనట్టే గదా. అవునా కాదా శెట్టీ? నువ్వే చెప్పు.”

“అవును,” అన్నాను.

అతని చోట నేనున్నా ఇవ్వను.

*

ముద్దనూరులో టీకి ఆగాం.

“బావా, నీ పేరు నేను చెప్పను,” అన్నాడు టీ సగం తాగాక.

“ఎందుకు?”

“అక్క తినే కూడు ఆ అంగడిది.”

“నేను అడిగినప్పుడు నువ్వు కాదని ఉండొచ్చు గదరా ఆ రోజే.”

“ఎట్ల అంటా? డిగ్రీ ఫీజులు నువ్వు కట్టినావు. కోచింగుకు హైదరాబాదు పంపినావు. ఉద్యోగం వచ్చిన రోజు వేసుకున్న చొక్కా నీ ఖర్చుదే.”

“వాటికి నేను వడ్డీ వేసుకోలేదు.”

“వేసుకున్నావు బావా. ఏప్రిల్ రెండున వసూలు చేసుకున్నావు.”

టీ డబ్బులు వాడే ఇచ్చాడు. సస్పెన్షన్లో ఉన్నవాడి చేత ఇప్పించడం ఇష్టం లేక నేను ముందే జేబులో చెయ్యి పెట్టాను. వాడు నా చెయ్యి పక్కకు జరిపాడు.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండైంది. భాగ్యలక్ష్మి తమ్ముడిని అడిగింది. “ఏమన్నాడు?”

“ఇవ్వనన్నాడు.”

“మంచి పని చేసినాడు.”

బల్ల మీద కంచాలు లేవు. ఒక తెల్లకాగితం, పెన్ను ఉన్నాయి. ఆమె నా ఎదురుగా నిలబడింది.

“చలానా మీద రాయమని మీకు ఎవరూ చెప్పలా. ఇది నేను చెప్తాండా. రాయండి.”

శుక్రవారం తర్వాత నాతో నేరుగా అన్న మొదటి మాట అది.

“రాస్తే నేనూ ముద్దాయినే అవుతా,” అన్నాను.

“వాడొక్కడే అయితే బాగుంటాదా?”

“బాగుంటాదని కాదు. ఇద్దరూ మునిగితే ఇల్లు ఎవరు చూస్తారు? నేను బయటుంటే లాయరుకు పెట్టొచ్చు, వాని ఇంటికి పంపొచ్చు.”

“అక్కా, బావ చెప్పేది గూడా నిజమే,” అన్నాడు సాయి.

“నువ్వు నోరు మూసుకో. ఆయన అడిగితే దుడ్లిచ్చినావు, ఇప్పుడు ఉద్యోగం ఇస్తాండావు. రేపు ఇంకేమడిగితే ఏమిస్తావు?” నావైపు తిరిగింది. “మీరు లెక్కల మనిషి గదా. లెక్క చెప్పండి నాకు. సాయి బీరువా అంటాడు. వాళ్లు చలానా తీస్తారు. ఆ రాత ఎవరిదని అడుగుతారు. అప్పుడు వాడు దొంగా అవుతాడు, అబద్ధాలకోరూ అవుతాడు. మీరు ఎట్లైనా దొరుకుతారు. ఇందులో మీకు మిగిలేది ఏంది?”

రాత్రి నేను వేసుకున్న లెక్క కూడా అదే. కాకపోతే ఆమె త్వరగా తేల్చింది.

ఒక పేజీ రాశాను. గురువారం మసరత్ చదివింది. ‘చేబదులుగా తీసుకున్నాను’ అన్న చోట గీత కొట్టింది.

“ఏం రాయాల?” అన్నాను.

“పంచాయతీ సొమ్మని తెలిసి, అడిగి తీసుకున్నాను.”

“చేబదులు అంటే అదే గదా.”

“మీ బజారులో అదే. ఆడ కాదు. ఆ ‘తెలిసి’ అనే మాట లేకపోతే ఇది నిజం చెప్పినట్టు కాదు మామా, బేరం చేసినట్టు.”

ఒక్క మాట. నేను పెన్ను పట్టుకుని ఆ ఒక్క మాట దగ్గర కూర్చున్నంతసేపు ముప్పై ఏళ్లలో ఏ దస్తావేజు దగ్గరా కూర్చోలేదు. రాశాను. యల్లయ్యకు ఇవ్వాల్సిన ముప్పై ఎనిమిది వేల సంగతి కూడా చెప్పాను.

“ఇప్పుడు ఇవ్వద్దు,” అంది. “ఆయన సాక్షి. ఇస్తే కొన్నట్టవుతాది.”

*

శుక్రవారం పదిన్నరకు జమ్మలమడుగులో విచారణాధికారి గురుప్రసాద్ ముందు కూర్చున్నాం. నలభై ఏళ్ల మనిషి. నెమ్మదిగా చదివాడు. సాయి సంజాయిషీ, నా కాగితం, పక్కన చలానా. రాత కలుస్తుందో లేదో చూసి తల ఊపాడు.

“ఇట్లా వచ్చి రాసిచ్చినవాళ్లు తక్కువ,” అన్నాడు. పొగిడినట్టు లేదు. తిట్టినట్టూ లేదు. “ఆ సొమ్ముతో ఏం చేశారు?”

“లారీ ఆఫీసులో కట్టి ధర్మవరం చీరలు విడిపించుకున్నా సార్.”

“బిల్లు ఉందా?”

ఉంది. నా దగ్గర లేని బిల్లు ఉండదు. సంచిలోంచి తీసి ఇచ్చాను. నా అంగడి కాగితాలు ఎప్పుడు ఎవరు అడిగినా ఒక్క నిమిషంలో తీయగలనని నాకు గర్వం. ఆ గర్వంతోనే ఇచ్చాను.

ఆయన చదివి, వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తిప్పాడు.

“ఇందులో మీ పేరు లేదే.”

నాకు అప్పుడు అర్థమైంది. సాయికి కూడా. కుర్చీలో కదిలాడు.

“ఈ భాగ్యలక్ష్మి ఎవరు?”

“నా ఇంటామె.”

“అంగడి ఆమెదా?”

“పేరు ఆమెది సార్. నడిపేది నేనే. ఆమెకు ఏమీ తెలీదు.”

“జీఎస్టీ ఆమె పేరు మీద, బ్యాంకు ఖాతా ఆమె పేరు మీద, సరుకు ఆమె పేరు మీద దిగింది. లాభం ఎవరి ఖాతాలో పడింది?”

“ఆమె ఖాతాలోనే సార్.”

“తెలుసో తెలీదో ఆమే చెప్పాలి గదండీ.”

ఆయన తన కాగితం మీద సాయి పేరు కింద నా పేరు రాసుకుని ఉన్నాడు. దాని కింద మూడో పేరు రాశాడు. సోమవారం పదకొండు గంటలకు తీసుకురమ్మన్నాడు. పైకి పంపాలా, పోలీసులకు ఇవ్వాలా అనేది ఆ తరువాత అన్నాడు.

బయటికి వచ్చాక సాయి స్కూటర్ల దగ్గర నిలబడ్డాడు. “అక్కకు నేను చెప్పలేను బావా.”

“నేను చెప్తా.”

అంగడికి వచ్చేసరికి ఆమె గిరాకీ చూసి పోయిన చీరలు మడతపెడుతోంది. ఆషాఢం కదా, చూసేవాళ్లే గానీ కొనేవాళ్లు లేరు. నేను చెప్పింది విన్నది. చేతిలో చీర మడత పూర్తిచేసి అరలో పెట్టింది.

“నెలకు ఎన్ని కాయితాల మీద సంతకం పెట్టిస్తారు నాతో?”

“పది, పన్నెండు.”

“ఎప్పుడైనా చదివి పెట్టినానా?”

“లేదు.”

“చదవమని ఎప్పుడైనా చెప్పినారా?”

నేను గల్లా సర్దాను.

“అన్నీ తెచ్చి పెట్టండి,” అంది. “ఎన్నేండ్లవి ఉంటే అన్నేండ్లవి. సోమవారం లోపల చదువుతా.”

ఫైళ్లు పధ్నాలుగు. తెచ్చి గల్లా బల్ల మీద పెట్టాను. ఆమె కుర్చీ లాక్కుని మొదటిది విప్పింది. నాకు చేతిలో పని లేక, ఒక చీటీ తీసుకుని లెక్క వేశాను.

ఆ బేళ్ల మీద వచ్చిన లాభం డెబ్బై వేలు. అందులో పంచాయతీకి కట్టిన వడ్డీ నాలుగు వేల రెండు వందలు పోగా అరవై అయిదు వేల ఎనిమిది వందలు. మసరత్ ఫీజు ఇప్పటికి పది వేలు. పులివెందులకు, జమ్మలమడుగుకు పెట్రోలు పద్దెనిమిది వందలు. మిగిలింది యాభై నాలుగు వేలు. యల్లయ్యకు ముప్పై ఎనిమిది వేలు బాకీ. ఇవ్వాలి, ఇప్పుడు ఇవ్వకూడదు. అది పక్కన పెడితే పదహారు వేలు. సస్పెన్షన్లో సాయికి సగం జీతమే. పోయిన సగం, ఇరవై మూడు వేలు, నెలనెలా నేనిస్తానన్నాను. మొదటి నెలకే ఏడు వేలు లోటు. ఎన్ని నెలలో తెలియదు.

రాబడి కింద ఒకటుంది. భాగ్యలక్ష్మి నాతో మాట్లాడుతోంది.

పొద్దు గుంకేలోపు ఏడు ప్రశ్నలు అడిగింది. నాలుగింటికి జవాబు చెప్పాను.